నోట కరిచిన రొట్టె

ఆ పొద్దున ఆకాశం తోమి బోర్లించిన ఇత్తడి పళ్ళెంలా ఉంది. మబ్బు తునక లేదు. ఒక్క కాకి లేదు. కాకులన్నీ వాగు అవతల సమాధుల దొడ్డి మీద ఉన్నాయి. అక్కడ వాటికి పనుంది. కలరా గత్తర వచ్చిపోయిన ఏడాది అది. పోయినవాళ్ళను లోతుగా పూడ్చడానికి మిగిలినవాళ్ళకు ఓపిక చాలలేదు. ఆ ఆకాశం కింద, పల్నాట్లో తుమ్మలబోడు అనే ఊళ్ళో, క్రైస్తవుల గుడి చపటా మీద కూర్చుని, వీరాచారి అనే వడ్రంగి ఒక వేపమొద్దుకు ఉలి ఆనించాడు.

నేను ఒక చెక్క కుక్కను. గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. వెనక కాళ్ళ మీద కూర్చుని తల పైకెత్తిన కుక్కను. నోట్లో ఒక రొట్టె. నూరేళ్ళు దాటినా ఆ రొట్టె నేను తినలేదు, ఎవరికీ పెట్టలేదు. చెప్పబోయేది ఆ సంగతే.

నాకో యజమాని ఉన్నాడు. అర్చ్యశిష్ఠ రోకు. మహమ్మారి రోగాలకు మొక్కుకునే పునీతుడు. ఊళ్ళోవాళ్ళకు రోకు సామి. ఆయన స్వరూపం ఫ్రాన్సు దేశం నుంచి గడ్డి నింపిన పెట్టెలో ఓడెక్కి, రైలెక్కి, చివరికి ఎద్దులబండెక్కి వచ్చింది. పెట్టె విప్పితే స్వామి క్షేమం. చేతిలో కర్ర, భుజాన సొరకాయ బుర్ర, తొడ మీద పుండు, దాన్ని చూపిస్తున్న వేలు, అన్నీ ఉన్నాయి. కాళ్ళ దగ్గర ఉండాల్సిన కుక్క మాత్రం పిండిపిండి అయింది. కుక్క లేకపోతే కథ అర్థం కాదని, అప్పటి గురువు తెల్లస్వామి వీరాచారిని పిలిపించాడు.

"మీ దేశంలో కుక్క ఎట్టా ఉంటదో నేనెరగను సామీ," అన్నాడు వీరాచారి.

"కుక్క కుక్కే ఆచారీ."

"మరి రొట్టో?"

"రొట్టె రొట్టే."

దాంతో వీరాచారికి స్వేచ్ఛ దొరికింది. తన దొడ్లో పడుకునే కుక్కనే చెక్కాడు. ఒక చెవి మడత, తోక చుట్ట. రొట్టె అంటే ఆయన ఎరిగింది జొన్నరొట్టె. అదే చెక్కాడు, తట్టిన వేళ్ళ గుర్తులతో సహా. అలా స్వామి ఫ్రాన్సువాడు, కుక్క పల్నాటిది అయింది. తెల్లస్వామి చుట్టూ తిరిగి చూశాడు. తర్వాత, "ఇదే మేలు," అన్నాడు.

చెక్కేటప్పుడు తెల్లస్వామి పక్కన కూర్చుని కథ చెప్పాడు. నేను ఒకవైపు పొట్టుగా రాలుతూ, ఒకవైపు కుక్కనవుతూ విన్నాను.

రోకు కలిగినింటి బిడ్డ. పుడుతూనే రొమ్ము మీద ఎర్రటి శిలువ మచ్చ. మీసాలు ముదరకముందే తల్లీ తండ్రీ పోయారు. ఉన్నదంతా లేనివాళ్ళకు పంచి, కర్ర పట్టుకుని రోము దారి పట్టాడు. దారిలో ఊళ్ళను మహమ్మారి మింగుతోంది. జనం బయటికి పరిగెడుతుంటే ఈయన లోపలికి నడిచాడు. పుళ్ళు కడిగాడు, నీళ్ళు తాపాడు. చివరికి ఆ పుండు ఆయన తొడ మీదే లేచింది. తనవల్ల ఇంకొకరికి రాకూడదని అడవిలోకి పోయి పడుకున్నాడు. ఎవరిదో కుక్క, రోజూ యజమాని బల్ల మీది నుంచి ఒక రొట్టె నోట కరుచుకుని పోయి ఆయన ముందు పెట్టి, పుండు నాకి వచ్చేది. అలా బతికాడు. బతికి సొంత ఊరు చేరితే, ఎండిపోయిన ఆ మనిషిని ఒక్కరూ గుర్తుపట్టలేదు. శత్రువుల వేగువాడనుకుని చెరలో వేశారు. నేను ఫలానావాడినని ఆయనా చెప్పుకోలేదు. ఐదేళ్ళకు ఆ చెరలోనే పోయాడు. శవానికి చొక్కా తీస్తే శిలువ మచ్చ. అప్పుడు ఊరంతా ఏడ్చింది. ఏడ్చి, గుడి కట్టింది.

వీరాచారి ఉలి ఆపి అడిగాడు: "బతికుండగా ఎవురూ చొక్కా తియ్యలేదా సామీ?"

తెల్లస్వామి ఒళ్ళో పడిన పొట్టు దులుపుకున్నాడు.

అంత దూరపు స్వామిని మా ఊరికి తెప్పించడానికి కారణం చిన్నప్ప. ఆయన గుడి ఉపదేశి. పిల్లలకు జపాలు నేర్పే మనిషి. గత్తర రోజుల్లో ఇళ్ళ తలుపులు మూసుకుంటే ఈయన ఒక్కడే పొద్దున్నే జొన్నరొట్టెలు మూటగట్టుకుని రోగమున్న ఇంటికల్లా పోయేవాడు. గుమ్మంలో పెట్టి రావడం కాదు. లోపలికి పోయి, రోగి పక్కన కూర్చుని, రొట్టె తుంచి, ఒక ముక్క వాళ్ళకు పెట్టి ఒకటి తాను తినేవాడు. తినేటప్పుడు మాట్లాడేవాడు కాదు. మాట్లాడితే మాటలో జాలి వినబడుతుందట. నమలడంలో జాలి ఉండదట. నేను అప్పుడు గుడి పక్కన వేపచెట్టును. రోజూ ఆయన నా నీడలోనే మూట కట్టుకునేవాడు. ఒక పొద్దున ఆయన రాలేదు. ఊళ్ళో ఆఖరి చావు ఆయనదే.

ఆయన పేరు మీద ఒక ఆచారం నిలిచింది. ఆగస్టు పదహారున స్వామి పండగ. పూజ అయ్యాక కొత్త జొన్నరొట్టెలు గంపలకెత్తి గుడి ముందు పెడతారు. మొదటి రొట్టెను నా నోట్లోని చెక్క రొట్టెకు ఒకసారి ఆనిస్తారు. దాని పేరు కుక్కరొట్టె. దాన్ని పట్టుకుని, స్వామి పల్లకీ వెంట ఊరంతా ఆ ఏడు బాగా జబ్బున పడ్డవాళ్ళ ఇంటికి పోవాలి. అక్కడ ఆ ఒక్క రొట్టెను తుంచి, రోగితో కలిసి, నేల మీద కూర్చుని, మాట లేకుండా తినాలి. ఆ రొట్టె కాల్చే హక్కు చిన్నప్ప వంశపు ఆడవాళ్ళది.

కొన్నేళ్ళు బాగానే నడిచింది. మనుషులు మంచివాళ్ళు. అయితే మంచితనానికి కూడా మడత మంచంలాగా ఒక వీలుండాలని వాళ్ళకు ఉంటుంది. దగ్గుజబ్బు మనిషి ఒకాయన ఉండేవాడు. ఆ ఏడు ఆయన గుమ్మం దాకా పోయి, ముక్క లోపలికి విసిరి, మిగతాది బయట కూర్చుని తిన్నారు. రొట్టె లోపలికి పోయింది కాబట్టి ఆచారం తప్పలేదు. తర్వాత్తర్వాత భయం లేని జబ్బు కోసం వెతకడం మొదలైంది. ఎవడైనా జులైలో కాలు విరగ్గొట్టుకుంటే ఊరికి నిశ్చింత. ఒక ఏడు ఎవరూ దొరక్క షుగరున్న అప్పటి సంఘ పెద్దకే ఇచ్చారు. జొన్నరొట్టె షుగరుకు మంచిదేనన్నాడాయన.

ఇవన్నీ చూస్తూ కూర్చున్నాను. కుక్కకు కాపలా అలవాటే గదా.

నాకు బాగా తెలిసిన చేయి శౌరమ్మది. చిన్నప్పకు మునిమనవరాలు. పండగ ముందు రోజు ఆముదం గుడ్డతో నా వీపు, చెవులు, రొట్టె తుడిచేది. తుడుస్తూ ఇంటి సంగతులు చెప్పేది. మొగుడు బాలశౌరి సంఘానికి పెద్ద. మాట మీద నిలబడే మనిషి, నవ్వడం తక్కువ. ఒక్కతే కూతురు రోజీ. ఇక ఆమె తమ్ముడు ఇన్నయ్య. పెళ్ళాం పోయాక, పిల్లాజెల్లా లేక, హైదరాబాదులో సెంట్రింగు పనికి పోయాడు. ఉన్న గుడిసె కూలితే మళ్ళీ వేయలేదు. అయినా ఏటా పండక్కి వచ్చేవాడు. పల్లకీ ముందువైపు ఎడమ కొమ్ము ఆయనది. మొయ్యబోయే ముందు నా తల మీద ఒకటి తట్టేవాడు.

"ఏరా, తినవు, పెట్టవు. నువ్వూ ఊళ్ళో పెద్దమనిషివై పోయావే!"

జనం బాలశౌరి వైపు చూసి నవ్వేవాళ్ళు. బాలశౌరి తువ్వాలు సర్దుకునేవాడు. ఆ మాట నాక్కూడా తగిలేది. అయినా ఏటా దానికోసం ఎదురుచూసేవాణ్ణి.

తర్వాత ఆ రోగం వచ్చింది. పేరు మీకు తెలుసు. ఏప్రిల్ నెల. కల్లాల్లో మిరపకాయలు ఎండి, సంచులకెక్కి పోయాయి. బస్సులు ఆగాయి. గుడికి తాళం పడింది. పూజ చేసే విచారణ గురువు పది ఊళ్ళ అవతల ఉండిపోయాడు. తుమ్మలబోడు తన దారికి అడ్డంగా తుమ్మకంప కొట్టుకుంది. దాటి పోయినవాడు తిరిగి రాకూడదు, బయటివాడు లోపలికి రాకూడదు. అది తీర్మానం. ఆ తీర్మానం చేసిన చోట బాలశౌరి అన్నాడు:

"రోకు సామి గత్తరను ఆపాడు. దీన్నీ ఆపుతాడు. తెచ్చి కంప కాడ నిలబెడదాం."

స్వామి గత్తరను ఆపలేదు. గత్తర పోయాక వచ్చాడు. అప్పుడు రోగానికి ఎదురుపోయింది చిన్నప్ప. ఆ సంగతి కళ్ళారా చూసినవాణ్ణి నేనొక్కణ్ణే, నా నోట్లో రొట్టె ఉంది.

అలా మమ్మల్ని మోసుకొచ్చి, కంపకు లోపల ఒక అరుగు వేసి, ముఖాలు బయటికి తిప్పి నిలబెట్టారు. రోగులున్న ఊళ్ళలోకి నడిచిపోయిన మనిషిని రోగిని రానివ్వని గుంజ చేశారు. తొడ మీది పుండు బయటివైపే ఉంది. రండి, ఇది నాకూ ఉంది అని ఆయన చూపిస్తున్నట్టు ఉంటుంది ఆ వేలు. ఊరు దాన్ని ఆగండి అని చదువుకుంది. పక్కన నులకమంచం వేసుకుని రాయప్ప కాపలా కూర్చున్నాడు. పెద్దవాడు, భయస్తుడు, చెడ్డవాడు కాదు.

ఒక మధ్యాహ్నం రోడ్డు మీద ఒక మనిషి కనిపించాడు. కుంటుతున్నాడు. చెప్పులు చేతిలో ఉన్నాయి. పాదాలు వాచి వాటిలో పట్టనట్టున్నాయి.

"ఎవురదీ? ఆడే ఆగు!" రాయప్ప మంచం మీంచి లేవకుండానే అరిచాడు.

"నేనే మామా, ఇన్నయ్యను."

"యాడ నుంచి?"

"యాడ నుంచేంది, హైదరాబాదు నుంచి. నాలుగు రోజులు నడిచా. ఏటి కాడ పోలీసులు ఆపితే చేపలోళ్ళ పుట్టి ఎక్కి దాటా. కాసిని మంచినీళ్ళు పొయ్యి మామా."

రాయప్ప నీళ్ళు పోయలేదు, బాలశౌరి కోసం కేకేశాడు. బాలశౌరి మూతికి తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. వెనకాలే శౌరమ్మ, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"బావా, ఏందిది? నన్ను కూడా ఆపుతారా?"

"నా మాట విను ఇన్నయ్యా. ఊరి తీర్మానం."

"చేసింది నువ్వేగా."

"నేనే. అందుకే ముందు నా ఇంటివాణ్ణి ఆపాల. ఇయ్యాల నిన్ను రానిస్తే రేపు ఎవుణ్ణి ఆపను? ఏ మొహం పెట్టుకుని ఆపను?" బాలశౌరి కల్లం వైపు చెయ్యి చూపించాడు. "మన కల్లంలో పాక ఉంది. ఆడ ఉండు. మండలం ఆఫీసు వాళ్ళకు ఫోను చేశా. రెండు రోజుల్లో వచ్చి పరీక్ష చేస్తామన్నారు. బాగుందంటే నేనే చెయ్యి పట్టుకుని తీసుకొస్తా."

ఆ మాట ఆయన నిజంగానే అన్నాడు. నేను దగ్గరున్నాను కాబట్టి తెలుసు.

ఇన్నయ్య అక్క వైపు చూశాడు. శౌరమ్మ రెండు చేతులూ జోడించింది.

"తమ్ముడూ, పిల్ల నిండు నెలలతో ఇంట్లో ఉందిరా. నీకు దణ్ణం పెడతా. కంప దగ్గరికి రాబాక."

"రోజీ పురిటికొచ్చిందా? ఎన్నో నెలే?"

"తొమ్మిది పడింది."

ఇన్నయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. "అయితే రానులే అక్కా," అన్నాడు. తర్వాత నన్ను చూశాడు. చూసి నవ్వాడు. "ఏరా, నువ్వూ కాపలాకొచ్చావా?"

తల మీద తట్టడానికి చెయ్యి అందదు. మధ్యలో కంప ఉంది.

రోకును సొంత ఊరు గుర్తుపట్టక చెరలో పెట్టింది. ఇన్నయ్యను గుర్తుపట్టే పెట్టింది. తమ్ముడూ అని, ఇన్నయ్యా అని, పేరు పెట్టి పిలిచి మరీ పెట్టింది. ఈ ఏడువందల ఏళ్ళలో మనుషులు నేర్చుకున్నదేదైనా ఉంటే అది ఇంతే.

కల్లం కంపకు రెండువందల అడుగుల్లో ఉంది. తాటాకు పాక. మిరపకాయల ఘాటు ఇంకా పోలేదు. పాక ముందు ఒక కుండెడు నీళ్ళు పెట్టించారు. మర్నాడు పొద్దుట శౌరమ్మ రెండు జొన్నరొట్టెలు కాల్చి, గోంగూర పచ్చడి పెట్టి, విస్తరాకులో మడిచి తెచ్చింది. కంప దాటి పోతే తిరిగి ఇంట్లోకి రాకూడదు. ఇంట్లో నిండు చూలాలు. కంప మీంచి విసరడానికి ఆమెకు చేతులు రాలేదు; అన్నం కుక్కకు విసురుతారు గానీ తమ్ముడికి విసరరు. నిలబడి నిలబడి, ఆ విస్తరిని తెచ్చి నా ముందు, అరుగు అంచున పెట్టింది. అంచుకు ఎదురుగా కంపలో చెయ్యి పట్టేంత సందుంది.

"ఇన్నయ్యా, రొట్టె పెట్టానయ్యా. నేను పోయినాక తీసుకో," అని అరిచి, నా వైపు తిరిగి మెల్లిగా అంది: "ఆయనకు అడివిలో పెట్టావు. నా తమ్ముడికీ పెట్టు తల్లీ."

నన్ను తల్లీ అన్నది ఆమె ఒక్కతే.

ఆమె పోయాక ఇన్నయ్య లేచి వచ్చాడు. సగం దూరం రాగానే రాయప్ప మంచం మీద లేచి నిలబడ్డాడు.

"ఆగరా! కంప కాడికి రావద్దన్నారు గదా!"

"రొట్టె తీసుకుని పోతా మామా."

"తీసుకోబోయి నువ్వు సామిని ముట్టుకుంటే? రేపు ఆ సామిని ఊళ్ళోకి ఎట్టా తీసుకుపోతాం?"

"అయితే నువ్వే ఇటు విసిరెయ్."

రాయప్ప రెండడుగులు వేశాడు. విస్తరి వైపు చూసి ఆగిపోయాడు. "సామి ముందు పెట్టిందిరా ఇది. సామి ముందు పెట్టినదాన్ని ఎట్టా విసిరేది? పాపం గాదూ?" అన్నాడు. ఆయన మనసులో నిజంగానే అలా ఉంది. గుడిలో నేర్పింది అదే. కింద పడిన ప్రసాదాన్ని కళ్ళకద్దుకునే మనిషి ఆయన. "సాయంత్రం శౌరమ్మకు చెబుతాలే. వేరేది తెస్తది."

ఇన్నయ్య విస్తరి వైపు ఒకసారి చూశాడు. "నీ భక్తి చల్లగుండ," అని గొణిగి, దగ్గుతూ వెనక్కి నడిచాడు.

ఎండ దిగకముందే ఊరకుక్కలు రెండు వచ్చాయి. కథల్లో కుక్కలు రొట్టె తెస్తాయి. ఊళ్ళో కుక్కలు తింటాయి. వాటిని నేను తప్పుపట్టను. ఆ రోజుల్లో వాటికీ ఎవరూ పెట్టలేదు. రాయప్ప ఒకసారి "చేయ్" అన్నాడు గానీ, లేవలేదు. విస్తరి నున్నగా నాకేసి పోయాయి.

సాయంత్రం శౌరమ్మ వచ్చి ఖాళీ విస్తరి చూసింది. ఆమె మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

"తిన్నాడు," అంది. నా తల నిమిరింది. "తిన్నాడు రాయప్ప మామా, పచ్చడితో సహా తిన్నాడు!"

రాయప్ప నోరు తెరిచాడు. ఆ మొహం చూసి మూశాడు. "ఆకు ఖాళీగానే ఉందిగా అమ్మా," అన్నాడు.

అది అబద్ధం కాదు. అందుకే అంత సులువుగా వచ్చింది.

రెండో రోజు రొట్టెలు కాకులు తిన్నాయి. ఆ రోజు ఇన్నయ్య పాక గుమ్మం దాకా వచ్చి, గుంజ పట్టుకుని కూర్చున్నాడు. అక్క పెట్టిపోవడం చూశాడు. కాకులు వాలడమూ చూశాడు. ఒకసారి చెయ్యి ఎత్తాడు. పిలిచాడో, కాకుల్ని అదిలించాడో నాకు తెలియలేదు. మూడో రోజు బయటికి రాలేదు. విస్తరికి చీమలు పట్టాయి. సాయంత్రం శౌరమ్మ వచ్చేసరికి రాయప్ప అప్పటికే విస్తరి మడిచి కంపలోకి తోసేశాడు.

"ఇయ్యాల కూడా తిన్నాడా మామా?"

"ఊఁ."

"దగ్గు తగ్గినట్టుంది. వినపడటం లేదు."

"ఊఁ."

ఆ ఊఁ రెండింటికీ మధ్య నేను అరిచాను. మీరు నమ్మరు. నమ్మాల్సిన పని లేదు, చప్పుడేమీ రాలేదు. నాకు నోరిచ్చారు, ఆ నోటినిండా రొట్టె కుక్కారు. పెట్టడానికి కదలని రొట్టె, పలకడానికి మాత్రం అడ్డం.

నాలుగో రోజు ఆఫీసు వాళ్ళు వచ్చారు. తెల్ల తొడుగుల్లో, ముఖాలు కనబడకుండా. రెండు రోజులన్నవాళ్ళు నాలుగు రోజులకు రావడం ఈ దేశంలో ఆలస్యం కాదు. పాకలోకి పోయి, అంతలోనే బయటికొచ్చి, చేతులు అడ్డంగా ఊపారు. ఆ రోగమో, దారి నడకో, ఆకలో, కుండలో నీళ్ళు అయిపోయాక దాహమో, ఏమని ఎవరూ చెప్పలేదు. ఎవరూ గట్టిగా అడగలేదు. వాళ్ళే తీసుకుపోయి సమాధుల దొడ్డి మూల పూడ్చారు. బాలశౌరి కంప ఇవతల నేల మీద కూర్చున్నాడు. చెయ్యి పట్టుకుని తీసుకొస్తానన్న మనిషి, తన అరచేయి వైపే చూసుకుంటూ ఉండిపోయాడు.

శౌరమ్మ ఏడుస్తూ ఒకటే మాట అంటోంది: "కడుపునిండా తినే పోయాడు నా తమ్ముడు. మూడు రోజులూ తిన్నాడు. ఆకలితో పోలేదు."

రాయప్ప తల ఎత్తలేదు. ఆ మాట ఆమె ఐదోసారో ఆరోసారో అన్నప్పుడు, ఇక మొయ్యలేక దించేశాడు.

"తినలేదమ్మా. ఒక్క ముక్క తినలేదు. మొదటి రోజు వస్తే నేనే ఆపా. కుక్కలు తిన్నయ్యి. తర్వాత కాకులు."

శౌరమ్మ ఏడుపు ఆగింది. "నాకెందుకు చెప్పలా?"

"నీ మొహం చూసి చెప్పలేకపోయానమ్మా."

ఆమె వెనక్కి తిరిగింది. ఇంటికి పోయి రోటి పొత్రం తెచ్చింది. బాలశౌరి లేచి, "శౌరీ..." అన్నాడు. ఆమె నా ముందు నిలబడి, ఒక చేత్తో నా తల పట్టుకుని, రెండో చేత్తో పొత్రం ఎత్తి నోటి మీద కొట్టింది. మూడో దెబ్బకు రొట్టె ఊడింది. రెండు పళ్ళు కూడా పోయాయి. నొప్పి లేదు. నూరేళ్ళ బరువు పోయింది, అంతే. మంచి వేపచేవ అది. ఆ చెక్క రొట్టెను చెంగులో కట్టుకుని, కంప తోసుకుని, కాళ్ళకు ముళ్ళు గుచ్చుకుంటున్నా ఆగకుండా బయటికి నడిచింది. ఎవరూ ఆపలేదు. అప్పుడు ఆపాల్సిన పని లేదు గనక. సమాధుల దొడ్డి మూల, తడిమన్ను మీద, తలవైపు ఆ రొట్టె పెట్టి వచ్చింది. నేను మోసిన రొట్టె అలా ఒకరికి చేరింది.

తిరిగి వచ్చాక ఆమె ఇంట్లోకి పోలేదు. పధ్నాలుగు రోజులు అదే పాకలో ఉంది. రోజీకి కొడుకు పుట్టిన కబురు అక్కడే విన్నది. బాలశౌరి కంప ఇవతల నుంచి చెప్పాడు:

"ఇన్నయ్య అని పేరు పెడదాం శౌరీ."

ఆమె పాకలోకి తిరిగి పోయింది. పోయినవాడికి పేరు నిలపడం మనుషులకు బాగా వచ్చు. స్వామి విషయంలోనూ అదే చేశారు. పేరుతో గుడి కట్టారు, పేరుతో పండగ చేశారు, పేరుతో కంప కాపలా పెట్టారు. ఉన్నవాడికి ఒక రొట్టె అందించే పని మాత్రం కుక్కకు వదిలేశారు.

ఆగస్టు వచ్చింది. కంప తీసేశారు, రోగం ఎలాగూ ఊళ్ళోకి వచ్చి, నలుగురిని తీసుకుని పోయింది. పండక్కి ఇరవై మందికే అనుమతి. విచారణ గురువు వచ్చి, గుడి ముందు కుర్చీలో కూర్చుని, నన్ను చూసి అడిగాడు:

"కుక్క నోట్లో రొట్టె ఏమైంది?"

రాయప్ప మెడలో జపమాల వెతుక్కున్నాడు.

శౌరమ్మ గంపలోంచి మొదటి రొట్టె తీసుకుంది. ఆనించడానికి నా దగ్గర ఏమీ లేదు. విరిగిన నోటి వైపు ఒకసారి చూసి, రొట్టె చెంగులో పెట్టుకుంది.

"ఈ ఏడు ఎవరింటికమ్మా?" గురువు అడిగాడు.

ఆమె నడక మొదలుపెట్టింది. పల్లకీ లేపబోతే ముందువైపు ఎడమ కొమ్ము దగ్గర ఎవరూ లేరు. బాలశౌరి వచ్చి దాని కింద భుజం పెట్టాడు. ఆయన ఎత్తు చాలక పల్లకీ ఒకవైపు ఒరిగింది. అలాగే, ఒరిగినట్టే, ఆమె వెనక పోయాం. ఊరు దాటాం. కల్లంలోకి పోయాం. పాక తాటాకు సగం ఎగిరిపోయింది. ఖాళీ కుండ అక్కడే బోర్లించి ఉంది.

శౌరమ్మ పాక గుమ్మం ముందు నేల మీద కూర్చుంది. ఒకరి తర్వాత ఒకరు కూర్చున్నారు. గురువు కూడా అంగీ మడుచుకుని కూర్చున్నాడు. ఆమె రొట్టె తుంచడం మొదలుపెట్టింది. ముందు ఒక ముక్క గుమ్మం లోపల పెట్టింది. తర్వాత రాయప్పకు, తర్వాత మొగుడికి, తర్వాత అందరికీ, గోరంత గోరంత. చివరిది తాను తీసుకుంది.

ఎక్కడి నుంచో ఒక ఊరకుక్క వచ్చి, గుమ్మంలోని ముక్క నోట కరుచుకుని పోయింది. ఎవరూ అదిలించలేదు. ఎటు పోయిందో నాకు కనబడలేదు. తినే ఉంటుంది.

రాయప్ప కళ్ళు మూసుకుని నములుతున్నాడు. బాలశౌరి ముక్క చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుని, చివరికి నోట్లో పెట్టుకున్నాడు. శౌరమ్మ ఎవరి వైపూ చూడలేదు. ఇప్పుడు నా నోటికి అడ్డం ఏమీ లేదు. అయితే ఆ రొట్టె తినేటప్పుడు మాట్లాడకూడదని చిన్నప్ప పెట్టిన కట్టుబాటు. ఎండ తల మీదికి వచ్చింది. అందరూ నములుతూనే ఉన్నారు.